మొబైల్ బ్యాంకింగ్: నమోదు వేరు, నమ్మకం వేరు

తొలకరి వానలు పడి పత్తి గింజలు నాటే పని ముమ్మరంగా సాగుతున్న రోజులలో ఒక మండల కేంద్రంలోని ఎరువుల దుకాణంలో కొంతసేపు కూర్చొనవలసిన పని నాకు పడింది. పొరుగూరి నుంచి వచ్చిన ఒక రైతు విత్తనాల ప్యాకెట్లు, డి.ఎ.పి., పొటాష్ బస్తాలు తీసుకొని, ఈ-పాస్ యంత్రం మీద వేలిముద్ర వేసి, పద్దెనిమిది వేల రూపాయల పైచిలుకు మొత్తాన్ని తన కుమారుని చేత ఫోను ద్వారా చెల్లింపజేశాడు. ఖాతాలో నుంచి సొమ్ము తగ్గినట్లు సందేశం వచ్చింది. డీలరు ఖాతాలో మాత్రం సొమ్ము జమ కాలేదు. "మా ఖాతాలో పోయింది గదయ్యా" అని రైతు అంటాడు. "నాకు రాలేదు గదా బాబాయ్" అని డీలరు అంటాడు. ఇద్దరిలో ఎవ్వరూ అబద్ధమాడటం లేదు. బస్తాలు దుకాణం అరుగు మీద ఉన్నాయి. ఆకాశం మబ్బు పట్టి ఉన్నది.

రైతు కుమారుడు తమ ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు ఫోను చేశాడు. "మీరు వాడినది మా యాప్ కాదు, వాళ్లనే అడగండి" అన్నారు. యాప్‌లో ఫిర్యాదు చేస్తే "మీ బ్యాంకును సంప్రదించండి" అని సమాధానం వచ్చింది. చివరకు డీలరు పాత ఖాతా పుస్తకం తీసి, అరువు కింద వ్రాసుకొని, బస్తాలు ట్రాక్టరుకు ఎక్కించాడు. సొమ్ము మూడవ నాటికి రైతు ఖాతాకు తిరిగి చేరిందని తరువాత తెలిసింది. కాని వాన మూడు రోజులు ఆగదు. ఆనాడు నాటు పనిని గట్టెక్కించినది ఆ ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి ఉన్న నమ్మకం.

ఖాతాదారులు మొబైల్ బ్యాంకింగును ఎంత మంది స్వీకరించారు అన్న ప్రశ్నకు మన బ్యాంకులు సాధారణంగా నమోదుల సంఖ్యతో సమాధానం చెబుతాయి. ఎన్ని ఖాతాలకు యాప్ ఇచ్చారు, ఎన్ని దుకాణాలకు క్యూఆర్ కోడ్ అంటించారు అన్నవే లెక్కలు. ఇబ్బంది వచ్చిన రోజున ఆ ఖాతాదారునికి జవాబు చెప్పేవారు ఉన్నారా అన్నది ఆ లెక్కలలోకి రాదు. నా దృష్టిలో స్వీకారానికి అదే అసలు కొలత. ఆ కొలతతో చూస్తే ప్రభుత్వ రంగ బ్యాంకులకూ, ప్రైవేటు బ్యాంకులకూ కూడా చేయవలసిన పని ఇంకా మిగిలి ఉన్నది.

ఇంతవరకు వచ్చిన దారి

మొబైల్ బ్యాంకింగుకు భారతీయ రిజర్వు బ్యాంకు మార్గదర్శక సూత్రాలను ప్రకటించినది 2008 అక్టోబరులో. అప్పట్లో రోజుకు 5,000 రూపాయల వరకు సొమ్ము పంపటానికి, 10,000 రూపాయల వరకు కొనుగోళ్లకు మాత్రమే అనుమతి ఉండేది. 2009 డిసెంబరులో ఈ పరిమితిని 50,000 రూపాయలకు పెంచారు. 2011 డిసెంబరులో దానిని కూడా తొలగించి, పరిమితి నిర్ణయించుకొనే బాధ్యతను బ్యాంకులకే విడిచిపెట్టారు. 2010 నవంబరులో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఐఎంపీఎస్‌ను ప్రవేశపెట్టటంతో, సెలవు రోజున గాని అర్ధరాత్రి గాని తక్షణమే సొమ్ము పంపే వీలు కలిగింది.

అయినా గ్రామాలలో అది అంతగా వ్యాపించలేదు. చాలా ఇళ్లలో అసలు ఖాతాయే లేదు. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన ప్రారంభమైన తరువాత ఖాతా ప్రతి గడపకూ చేరింది. ఇంటర్నెట్టు లేని మామూలు ఫోను నుంచి కూడా *99# నొక్కి నిల్వ తెలుసుకొనే, సొమ్ము పంపే సదుపాయం అదే నెలలో దేశమంతటా అమలులోకి వచ్చింది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. అదే సంవత్సరం నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. బ్యాంకు ముందు వరుసలో గంటల తరబడి నిలబడిన మనవారు అప్పుడు ఫోను వంక చూశారు. డిసెంబరు 30న భీమ్ యాప్ విడుదలైంది.

ఆ పిమ్మట జరిగిన విస్తరణ అసాధారణమైనది. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలో 1,000 కోట్లు దాటాయి. 2025 ఆగస్టు నాటికి అది నెలకు 2,000 కోట్లు దాటింది. నేడు బడ్డీకొట్టులోను, సంతలో కూరగాయల గంప ముందు కూడా చతురపు ముద్ర గల అట్టముక్క కనిపిస్తున్నది.

దీనికి కారణం ప్రజలలో హఠాత్తుగా కలిగిన సాంకేతిక చైతన్యం అనుకోవటం పొరపాటు. స్వైపు యంత్రానికి నెలసరి అద్దె, ప్రతి అమ్మకం మీద కమీషను ఉండేవి. పలచని లాభం మీద బ్రతికే చిల్లర వర్తకుడు దానిని భరించలేకపోయాడు. క్యూఆర్ అట్టకు ఖర్చు లేదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపుల మీద వర్తకుని వద్ద రుసుము వసూలు చేయరాదని ప్రభుత్వం నిర్ణయించింది. సొమ్ము పడగానే ఎంత వచ్చినదీ తెలుగులో పైకి చెప్పే చిన్న పెట్టె వచ్చింది. చదువు రాని వర్తకుడు కూడా చెవితో విని నమ్మగలిగాడు. ఖర్చు లేకపోవటం, తన భాషలో వినపడటం, పక్క దుకాణం వాడు వాడుతూ కనిపించటం అనే ఈ మూడింటి వలన గ్రామం దానిని స్వీకరించింది.

ఖాతా ఒకచోట, వాడుక మరొకచోట

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. 1969లో 14 బ్యాంకులను, 1980లో మరి 6 బ్యాంకులను జాతీయం చేసిన తరువాత గ్రామీణ ఖాతాలలో అధిక భాగం ప్రభుత్వ రంగ బ్యాంకుల వద్ద, 1975 నుంచి ఏర్పడిన ప్రాంతీయ గ్రామీణ బ్యాంకుల వద్ద పోగయ్యాయి. యూపీఐలో సొమ్ము బయలుదేరే ఖాతాలు అత్యధికంగా గల బ్యాంకు ఏళ్లుగా స్టేట్ బ్యాంకే. కాని ఆ సొమ్మును కదిలించే మీట వేరొకరి చేతిలో ఉన్నది. యూపీఐ లావాదేవీల సంఖ్యలో ప్రతి పదింటిలో ఇంచుమించు ఎనిమిది ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు యాప్‌ల ద్వారానే జరుగుతున్నాయి. ఏ ఒక్క యాప్ వాటా కూడా 30 శాతం మించరాదని 2020లో పేమెంట్స్ కార్పొరేషన్ నిర్ణయించినప్పటికీ, దాని అమలు గడువును పొడిగిస్తూ వచ్చి ఇప్పుడు 2026 డిసెంబరు చివరికి నిర్ణయించింది. వర్తకుని వైపు సొమ్ము చేరే ఖాతాల విషయంలో యస్ బ్యాంకు వంటి ప్రైవేటు బ్యాంకు ముందున్నది.

ప్రైవేటు బ్యాంకులు ఈ రంగంలో త్వరపడగలగటానికి చారిత్రక కారణం ఉన్నది. 1993లో రిజర్వు బ్యాంకు అనుమతించిన మీదట పుట్టిన కొత్త ప్రైవేటు బ్యాంకులు పుట్టుకతోనే కంప్యూటరుతో పుట్టాయి. వాటి ఖాతాదారులు ఎక్కువగా పట్టణవాసులు, నెలజీతగాళ్లు. ప్రభుత్వ రంగ బ్యాంకులు వేలాది గ్రామీణ శాఖలలోని చేతివ్రాత లెడ్జర్లను కంప్యూటరులోకి ఎక్కించుకుంటూ, రుణమాఫీ లెక్కలు, పింఛన్లు, ఉపాధి కూలీల చెల్లింపులు మోసుకుంటూ ఇదే దారిలో నడవవలసి వచ్చింది. అందుచేత వేగాన్ని మాత్రమే పోల్చి ఒకరిని పొగడటం, మరొకరిని తెగడటం న్యాయం కాదు.

పైగా విలీనాల వలన ఖాతాదారులకు కలిగిన గందరగోళం కూడా తక్కువ కాదు. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంకులో కలిసింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025లో తెలంగాణలోని గ్రామీణ బ్యాంకు శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకు కిందకు, ఆంధ్రప్రదేశ్‌లోనివి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు కిందకు వచ్చాయి. ప్రతి విలీనంతో బ్యాంకు పేరు, యాప్, పాసుపుస్తకం మారాయి; చాలా చోట్ల ఐఎఫ్ఎస్ కోడ్ కూడా మారింది. నిన్న నేర్చుకున్న యాప్ నేడు పనిచేయకపోతే, యాభై ఏళ్ల రైతు రెండవసారి నేర్చుకొనటానికి ఉత్సాహపడడు. పేరు మారని బయటి యాప్ వైపు అతడు మొగ్గటంలో ఆశ్చర్యం లేదు.

అయితే నష్టం ఏమిటని అడగవచ్చు. ఎవరి యాప్ అయితేనేమి, సొమ్ము చేరితే చాలును గదా? చేరినంత కాలం నిజమే. చేరనినాడు పైన చెప్పిన రైతుకు పట్టిన గతి పడుతుంది. రెండు ద్వారాల మధ్య తిరగవలసి వస్తుంది. అంతకంటె లోతైన నష్టం మరొకటి ఉన్నది. రుణం ఇవ్వవలసిన బ్యాంకుకు తన ఖాతాదారుని దైనందిన వ్యవహారం దూరమవుతున్నది. ఆ వ్యవహారాన్ని దగ్గరగా చూసే సంస్థకు పంట రుణం ఇచ్చే బాధ్యత లేదు.

రైతుకు బ్యాంకు యాప్‌తో పనేమిటి?

టీ తాగి పది రూపాయలు చెల్లించటానికి రైతుకు బ్యాంకు యాప్ అవసరం లేదు. అతనికి బ్యాంకుతో ఉన్న పని వేరు. పంట రుణం నిల్వ ఎంత, వడ్డీ ఎంత అయింది, ఏ తేదీలోగా కట్టాలి, బీమా ప్రీమియం కోత పడిందా, పీఎం కిసాన్ విడత రెండు వేలు ఏ ఖాతాలో పడింది — ఇవి అతని ప్రశ్నలు. వీటికి తేటతెలుగులో, పెద్ద అక్షరాలతో, మొదటి పుటలోనే సమాధానం చూపే యాప్ ఉంటే, ఎవరూ బలవంతపెట్టకుండానే అతడు వాడతాడు.

ఇందులో ఎంత సొమ్ము ఇమిడి ఉన్నదో చూడండి. కిసాన్ క్రెడిట్ కార్డు కింద స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ రాయితీ పథకం ప్రకారం 7 శాతం వడ్డీ పడుతుంది. గడువులోగా చెల్లించిన రైతుకు 3 శాతం ప్రోత్సాహకం లభించి, వడ్డీ 4 శాతానికి తగ్గుతుంది. లక్ష రూపాయల రుణం ఏడాది పాటు వాడుకున్న రైతుకు ఈ తేడా 3,000 రూపాయలు. గడువు తేదీని మరచి ఒక వారం ఆలస్యంగా వచ్చినవాడు ఆ మూడు వేలూ కోల్పోతాడు. గడువుకు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి అతని ఫోనుకు తెలుగులో సందేశం పంపటం బ్యాంకుకు అసాధ్యమైన పని కాదు. కట్టవలసిన కచ్చితమైన మొత్తం అందులో ఉండాలి. ఆ సందేశం వలన మూడు వేలు మిగిలిన రైతు ఆ యాప్‌ను గురించి పదిమందికి చెబుతాడు. ప్రచారపు అట్టలు చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది.

దీనికి బదులు లక్ష్యాల వెంట పడితే ఏమవుతుందో ఇటీవలి చరిత్ర చెప్పింది. 2023 అక్టోబరు 10న రిజర్వు బ్యాంకు, ప్రభుత్వ రంగానికి చెందిన బ్యాంక్ ఆఫ్ బరోడాను 'బాబ్ వరల్డ్' యాప్‌లో కొత్త ఖాతాదారులను చేర్చుకొనటం ఆపివేయమని ఆదేశించింది. ఖాతాదారులను చేర్చుకున్న తీరులో కనిపించిన లోపాలే అందుకు కారణంగా చెప్పింది. సరిదిద్దుకున్న పిమ్మట 2024 మే నెలలో ఆ ఆంక్ష ఎత్తివేశారు. ప్రైవేటు రంగం కూడా దీనికి అతీతం కాదు. కంప్యూటరు వ్యవస్థల నిర్వహణలోని లోపాల కారణంగా 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకు ఆన్‌లైన్, మొబైల్ మార్గాలలో కొత్తవారిని చేర్చుకొనరాదని ఆదేశాలు వెలువడ్డాయి. 2025 ఫిబ్రవరిలో అవి తొలగాయి. మొదటిది చేర్చుకునే తీరుకు, రెండవది మోయగల శక్తికి సంబంధించిన పాఠం. శాఖా మేనేజరు మీద నమోదుల లక్ష్యం మోపినప్పుడు, ఖాతాదారుని మేలు వెనుకకు పోవటం సహజం. నమోదు చేయించి మరుసటి నెల చూసుకొనని యాప్ సంఖ్యకు తప్ప ఎందుకూ పనికి రాదు.

వెనుక మిగిలినవారు

ఈ విస్తరణలో అందరూ సమానంగా లేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకొనే మొబైల్ ఫోను గల మహిళలు దేశంలో 54 శాతం మాత్రమే. గ్రామాలలో సగం కంటె తక్కువ. ఇంట్లో ఫోను ఒకటే అయినప్పుడు అది సాధారణంగా భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. భార్య ఖాతాకు కూడా అదే నంబరు అనుసంధానమై ఉంటుంది. ఆమె ఖాతాలో ఎంత పడిందో ఆమె కంటె ముందు మరొకరికి తెలుస్తుంది.

తెలుగు నాట డ్వాక్రా సంఘాల వ్యవహారం మరింత ఆలోచించదగినది. సంఘం ఖాతా ఇద్దరు ముగ్గురు సభ్యుల ఉమ్మడి సంతకాలతో నడుస్తుంది. ఆ ఉమ్మడి సంతకమే సంఘపు సొమ్ముకు రక్ష. ఒక్కరి పిన్‌తో నడిచే యాప్ ఆ కట్టుబాటుకు సరిపోదు. ఇద్దరు సభ్యులు వేలిముద్రలు వేసి లావాదేవీ జరిపే పద్ధతి బ్యాంకు మిత్రల వద్ద కొన్నిచోట్ల ఉన్నది. దానిని ఫోనుకు కూడా తీసుకురావటం బ్యాంకుల కర్తవ్యం. అంతవరకు సంఘం సొమ్మును ఒక నాయకురాలి సొంత ఖాతాకు మళ్లించి ఫోనుతో వాడుకొనే అలవాటు, ఆమె ఎంత నిజాయితీపరురాలైనా, మంచిది కాదు.

బొత్తాల ఫోనులు వాడేవారిని కూడా మరువరాదు. వారి కొరకు 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే అనే పద్ధతిని ఆవిష్కరించింది. ఫోను చేసి, మాటలు వింటూ అంకెలు నొక్కి సొమ్ము పంపవచ్చును. *99# సదుపాయం కూడా తెలుగులో లభిస్తుంది. కాని వీటిని గురించి చెప్పేవారు, ఒకసారి చేసి చూపేవారు ఊళ్లలో అరుదు. బ్యాంకు మిత్రలకు సొమ్ము తీసి ఇచ్చినందుకు కమీషను ఉన్నట్లే, ఒక వృద్ధునికి ఈ పద్ధతి ఓపికగా నేర్పినందుకు కూడా కొంత పారితోషికం ఉండటం న్యాయం.

కంటి చూపు తగ్గిన పెద్దలు తమ పిన్‌ను మనుమలకు చెప్పి పని నడుపుకుంటున్నారు. ఇది ప్రమాదకరం. 2024 ఆగస్టులో వచ్చిన యూపీఐ సర్కిల్ అనే ఏర్పాటు ప్రకారం, ఖాతాదారుడు తన నమ్మకస్తునికి నెలకు 15,000 రూపాయల పరిమితి లోపల ఖర్చు చేసే అధికారం ఇవ్వవచ్చును; పిన్ చెప్పనక్కరలేదు. తాళంచెవి మొత్తం ఇచ్చేకంటె, పెట్టెలో కొంత సొమ్ము విడిగా పెట్టి ఇవ్వటం మేలు గదా.

డీలర్ల సందేహాలు

విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల డీలర్లు గ్రామీణ పరపతిలో మాటలకందని పాత్ర వహిస్తున్నారు. బ్యాంకు రుణం అందని కౌలు రైతుకు పంట చేతికి వచ్చే వరకు అరువు పెట్టేది వారే. ఫోను చెల్లింపుల విషయంలో వారికి రెండు సందేహాలు ఉన్నాయి.

ఒకటి, సొమ్ము చేరకపోతే ఏమిటన్నది. ఇందుకు నియమం ఉన్నది. 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, ఒకరి ఖాతాలో తగ్గి మరొకరి ఖాతాకు చేరని యూపీఐ బదిలీ మొత్తం మరుసటి రోజులోగా తిరిగి జమ కావాలి. వర్తకునికి చేసిన చెల్లింపు విషయంలో అయిదు రోజుల గడువు. ఆ తరువాత జరిగే ప్రతి రోజు ఆలస్యానికి 100 రూపాయల చొప్పున ఖాతాదారునికి నష్టపరిహారం, అతడు అడగకుండానే, చెల్లించాలి. అయితే నియమం సొమ్మును రక్షిస్తుందే గాని అదనును రక్షించదు. జూన్ నెలలో అయిదు రోజులంటే రైతుకు చాలా ఎక్కువ. వ్యవసాయ దుకాణాలకు చేసే చెల్లింపుల ఫిర్యాదులను పంటకాలంలో ముందుగా పరిష్కరించే ఏర్పాటు ఉండాలన్నది నా అభిప్రాయం.

రెండవ సందేహం పన్ను. 2025 జూలైలో కర్ణాటకలో చిల్లర వర్తకులకు వారి యూపీఐ జమల ఆధారంగా జీఎస్టీ నోటీసులు వెళ్లినప్పుడు, బెంగుళూరులో అనేకులు క్యూఆర్ అట్టలు తీసివేసి నగదే కావాలన్నారు. పాలు, కూరగాయల వంటి పన్ను లేని సరుకుల మీద పన్ను పడదని ప్రభుత్వం వివరించవలసి వచ్చింది. ఎరువుల డీలరు ఎటూ లైసెన్సు గలవాడు, బిల్లు ఇచ్చేవాడు, ఈ-పాస్ యంత్రంలో ప్రతి బస్తా నమోదు చేసేవాడు. అతనికి దాచవలసినది లేదు. పైగా ఫోను ద్వారా వచ్చిన జమలు అతని అమ్మకాలకు తిరుగులేని సాక్ష్యం. సీజనుకు ముందు సరుకు పెట్టుబడికి క్యాష్ క్రెడిట్ అడిగినప్పుడు ఈ సాక్ష్యం అక్కరకు వస్తుంది. కాని బ్యాంకులు దానిని నిజంగా లెక్కలోకి తీసుకొని, తాకట్టు ఒత్తిడి కొంతైనా తగ్గించినప్పుడే డీలర్లకు నమ్మకం కలుగుతుంది. వర్తకుని లెక్క పన్ను అధికారికి మాత్రమే ఉపయోగపడి, రుణాధికారికి ఉపయోగపడకపోతే, అతడు నగదు వైపే తిరుగుతాడు.

కౌలు రైతు విషయంలో కూడా ఇదే మాట. భూమి కాగితం లేనివానికి, పండించి అమ్మినట్లు ఖాతాలో పడిన జమయే ఆధారం. ఆ ఆధారాన్ని గుర్తించే అధికారి కావాలి.

మోసాలు, బాధ్యతలు

నగదు రోజులలో దొంగ ఇంటికి రావలసి ఉండేది. ఇప్పుడు ఫోను మ్రోగితే చాలు. "మీ రుణం మంజూరైంది", "మీ కేవైసీ ఆగిపోయింది" అంటూ మాట కలిపి ఓటీపీ రాబట్టుకొనేవారు ఎందరో. ఒక్క సూత్రాన్ని అందరూ గుర్తుంచుకోవాలి: సొమ్ము తీసుకొనటానికి పిన్ అవసరం లేదు. పిన్ నొక్కమన్నారంటే మీ ఖాతాలో నుంచి సొమ్ము పోతున్నదని అర్థం. సొమ్ము పంపమని ఒక వ్యక్తి మరొక వ్యక్తికి అభ్యర్థన పంపే పద్ధతి ద్వారా మోసాలు జరుగుతున్నందున, దానిని 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేశారు.

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ప్రకటించిన నియమాల ప్రకారం, బ్యాంకు తప్పు గాని ఖాతాదారుని తప్పు గాని లేకుండా మూడవ పక్షం వలన సొమ్ము పోతే, సందేశం అందిన మూడు పనిదినాలలోగా బ్యాంకుకు తెలియజేసిన ఖాతాదారునికి నష్టం అంటదు. నాలుగు నుంచి ఏడు దినాల మధ్య తెలియజేస్తే జన్‌ధన్ వంటి ప్రాథమిక ఖాతాకు 5,000 రూపాయల వరకు, మామూలు పొదుపు ఖాతాకు 10,000 రూపాయల వరకు అతడు భరించాలి. తప్పు ఖాతాదారునిదని నిరూపించే భారం బ్యాంకు మీదనే ఉంచారు. అయితే పిన్ గాని ఓటీపీ గాని తానే చెప్పినవానికి ఈ రక్షణ లేదు. బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం అతనిదే. కనుక ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు, బ్యాంకుకు ఫోను చేయాలి. బ్యాంకు ముప్పై రోజులలో పరిష్కరించకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చును.

మరొక జాగ్రత్త. వాడకుండా వదలివేసిన సిమ్ నంబరు కొంతకాలానికి మరొకరికి కేటాయించబడుతుంది. ఆ నంబరు మీ ఖాతాకు అనుసంధానమై ఉంటే మీ బ్యాంకు సందేశాలు అపరిచితునికి వెళతాయి. నంబరు మార్చిన రోజునే బ్యాంకుకు వెళ్లి మార్పించుకోవాలి.

చేయవలసినవి

నా సూచనలు నాలుగు. మొదటిది, ఫిర్యాదు ఏ యాప్ నుంచి వచ్చినా, ఖాతా ఉన్న శాఖ దానిని స్వీకరించి, నంబరు ఇచ్చి, జవాబు వచ్చే వరకు వెంటబడాలి. "మా యాప్ కాదు" అన్న మాట బ్యాంకు నోట రాకూడదు. సొమ్ము మన ఖాతాలోనిదే గదా. రెండవది, యాప్ మొదటి పుటలో పంట రుణం నిల్వ, గడువు తేదీ తెలుగులో కనిపించాలి. మూడవది, శాఖల పనిని నమోదుల సంఖ్యతో కాక, ఆరు నెలల తరువాత కూడా వాడుతున్నవారి సంఖ్యతో, గడువులోగా పరిష్కరించిన ఫిర్యాదులతో కొలవాలి. నాల్గవది, ఫోను వచ్చిందన్న నెపంతో గ్రామీణ శాఖలో కౌంటరును, సిబ్బందిని తగ్గించకూడదు. కౌంటరు వద్ద మనిషి ఉన్నాడన్న ధైర్యం ఉన్నప్పుడే రైతు ఫోను నొక్కటానికి సాహసిస్తాడు.

రుణగ్రహీతలు, డీలర్లు కూడా తమ వంతు చేయవలసి ఉన్నది. పెద్ద మొత్తం పంపే ముందు ఒక్క రూపాయి పంపి, తెర మీద కనిపించే పేరు సరిచూసుకోండి. రుణ వాయిదాను గడువు చివరి రోజుకు మిగల్చకుండా మూడు నాలుగు రోజుల ముందే కట్టండి. లావాదేవీ నంబరు డైరీలో వ్రాసి ఉంచండి. ఫిర్యాదును నోటితో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇవ్వండి. అడిగేవారు ఉన్నప్పుడే నియమాలు కాగితం మీద నుంచి కౌంటరు మీదకు వస్తాయి.

ఆ ఎరువుల దుకాణంలో డీలరు ఖాతా పుస్తకం తెరచినప్పుడు, రైతు ఊరు, పేరు, తండ్రి పేరు కూడా ఆయనకు కంఠతా వచ్చును. తప్పు ఎక్కడ జరిగినదో తెలియకపోయినా తన ముందున్న మనిషి ఎవరో ఆయనకు తెలుసును. బ్యాంకు యాప్ ఎంత తెలివైనదైనా ఈ ఒక్క గుణాన్ని అలవరచుకొననంత కాలం, వాన మబ్బు కింద నిలబడిన రైతు నమ్ముకొనేది ఆ పాత పుస్తకాన్నే. గ్రామీణ పరపతి కొరకే పెరిగిన మన బ్యాంకులకు ఆ పుస్తకంలోని పరిచయం ఒకప్పుడు ఉండేది. దానిని ఫోనులోకి తెచ్చుకొనటం వాటికి అసాధ్యం కాదు.